ఉప్పు, మెడవాపు, పిల్లల ఎదుగుదల: మన జిల్లావాడు చేసిన ఒక పని

మనం హైస్కూల్లో చదువుకున్న రోజుల్లో సైన్సు పుస్తకంలో వినాళ గ్రంథుల పాఠం ఒకటి ఉండేది. పీయూష గ్రంథి, అవటు గ్రంథి, అధివృక్క గ్రంథి. ఆ పేర్లు నోరు తిరగక కుస్తీ పట్టిన సంగతి నా తోటివాళ్ళకు గుర్తుండే ఉంటుంది. చిన్నతనంలో అవటు గ్రంథి సరిగా పనిచేయకపోతే వచ్చే వ్యాధి ఏది అని ఖాళీ ఇచ్చేవారు. ‘క్రెటినిజం’ అని పూరిస్తే ఒక మార్కు. అయోడిన్ లోపం వల్ల వచ్చేది ఏది అంటే ‘గాయిటర్’, ఇంకో మార్కు. ఆ రెండు మార్కులూ ఒకే కథలోవని, ఆ కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం శ్రీకాకుళంలో పుట్టిన మనిషి రాశాడని నాకు మెడికల్ కాలేజీలో చేరాక గానీ తెలియలేదు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, జ్ఞాపకాలు రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు కదా, నేను ఈ కథ రాద్దామనుకున్నాను.

ఆయన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1921 ఆగస్టు 8న శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పూర్తిచేశారు. 1951లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. నీలగిరుల్లో కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనాలయంలో పాథాలజిస్టుగా పనిచేశారు. ఢిల్లీలో ఎయిమ్స్ మొదలైన తొలినాళ్ళలోనే పాథాలజీ ప్రొఫెసర్‌గా చేరి, 1969 నుంచి పదేళ్ళు దానికి డైరెక్టర్‌గా ఉన్నారు. 1979 నుంచి 1986 వరకు భారత వైద్య పరిశోధన మండలికి, అంటే ఐ.సి.ఎం.ఆర్.కు డైరెక్టర్ జనరల్. 1986లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. 1994లో సూరత్‌లో ప్లేగు కలకలం రేగినప్పుడు ప్రభుత్వం నియమించిన నిపుణుల కమిటీకి ఆయనే అధ్యక్షులు. 2001 మే 28న కన్నుమూశారు.

ఈ పదవుల చిట్టా ఎక్కడైనా దొరుకుతుంది. నలభై ఏళ్ళు పిల్లల వైద్యుడిగా పనిచేసిన నాకు ఆయన మీద గౌరవం పెరిగింది మాత్రం పదవుల వల్ల కాదు. హిమాలయాల అడుగున కాంగ్రా లోయలో బడిపిల్లల మెడలు తడిమి చూసి లెక్క కట్టిన పని వల్ల.

ఆ పని అర్థం కావాలంటే ముందు అవటు గ్రంథి దగ్గరికి ఒకసారి వెళ్ళాలి. అందరూ ఇప్పుడు థైరాయిడ్ అనే అంటున్నారు కాబట్టి నేనూ అలాగే అంటాను. మెడ ముందు భాగంలో, గొంతు ముడి కింద, సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. అది చేసే ప్రధానమైన హార్మోను థైరాక్సిన్. ఒక్కొక్క థైరాక్సిన్ అణువు తయారు కావాలంటే నాలుగు అయోడిన్ పరమాణువులు కావాలి. అయోడిన్ ఒంట్లో పుట్టదు, తిండిలోనుంచి, నీటిలోనుంచి రావలసిందే. పెద్దవాళ్ళకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250 దాకా కావాలి. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. మనిషి జీవితకాలమంతా తినవలసిన అయోడిన్‌ను ఒక చోట పోస్తే చిన్న చెంచా కూడా నిండదు.

ఆ చెంచాడు దొరకని చోట థైరాయిడ్ ఏం చేస్తుంది? ఉన్న కాస్త అయోడిన్‌నూ పట్టుకోవడానికి తాను పెరుగుతుంది. మెడ ఉబ్బుతుంది. అదే గాయిటర్. మనవైపు చాలామంది దీన్ని గవదబిళ్ళలతో కలిపేస్తారు. గవదబిళ్ళలు వైరస్ వల్ల చెవి కింద దవడ దగ్గర వచ్చి వారం పది రోజుల్లో పోయే వాపు. గాయిటర్ గొంతు మధ్యలో ఏళ్ళ తరబడి ఉండేది, చాలావరకు నొప్పి లేనిది. నొప్పి లేకపోవడమే దాని చరిత్రలో పెద్ద చిక్కు అయింది. ఆ సంగతి తరవాత చెబుతాను.

మెడవాపు తల్లికి, నష్టం బిడ్డకు. గర్భం దాల్చిన మొదటి మూడు నెలలూ కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు, తల్లి థైరాక్సిన్ మీదే ఆధారపడుతుంది. మెదడులో కణాలు పుట్టి, తమ తమ చోట్లకు చేరి, ఒకదానితో ఒకటి ముడిపడే పని ఆ హార్మోను లేకుండా సరిగా సాగదు. లోపం తీవ్రంగా ఉంటే పుట్టిన బిడ్డ వినలేడు, మాట్లాడలేడు, కాళ్ళు బిగుసుకుపోయి నడక సరిగా రాదు. ఇది ఒక రకం. ఇంకో రకంలో బిడ్డ ఎదుగుదల ఆగిపోతుంది: పొట్టిగా, ఉబ్బిన ముఖంతో, పొడిబారిన చర్మంతో, పన్నెండేళ్ళు వచ్చినా మూడేళ్ళ పిల్లవాడి ఎత్తులో ఉండిపోవచ్చు. ఎముకల ఎక్స్‌రే తీస్తే వయసుకు తగిన ఎముక కేంద్రాలు కనపడవు. మనం ఖాళీలో పూరించిన ‘క్రెటినిజం’ ఇదే. వీటికంటే ఎక్కువమంది పిల్లల్లో ఈ రెండూ స్పష్టంగా ఉండవు. చూడటానికి మామూలుగానే ఉంటారు, కానీ పాఠం ఎక్కదు, తరగతిలో వెనకబడతారు. ఉపాధ్యాయులు దాన్ని మొద్దుతనం అనో, శ్రద్ధ లేదనో అనుకుంటారు. ఏ ఊరికి ఆ ఊరు అలాగే ఉంటే పోల్చి చూడటానికి కూడా ఎవరూ ఉండరు.

హిమాలయాల మెడవాపు కొత్తది కాదు. 1900ల మొదట్లో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు గిల్గిట్, చిత్రాల్ లోయల్లో పనిచేస్తూ దాన్ని వెంటాడాడు. ఒకే వాగు వెంట పైనుంచి కిందికి ఉన్న పల్లెల్లో, కిందికి దిగే కొద్దీ మెడవాపులు పెరగడం గమనించాడు. పై ఊళ్ళ మలినం కింది ఊళ్ళ నీటిలో కలవడమే కారణమని అనుకున్నాడు. ఆ నీటి అడుగున తేరిన బురదను తాను తాగి, ఒప్పుకున్న మరికొందరితో తాగించి ప్రయోగం కూడా చేశాడు. కారణం విషయంలో ఆయన లెక్క పూర్తిగా నిలబడలేదు. కానీ 1908లో ఆ లోయల్లోని రెండు వందలకు పైగా క్రెటిన్లను పరీక్షించి, పైన చెప్పిన రెండు రకాలనూ విడదీసి వర్ణించినది ఆయనే. ఇప్పటికీ వైద్య విద్యార్థులు చదివేది ఆ విభజననే. తరవాత ఆయన కూనూరులో మొదలుపెట్టిన చిన్న పరిశోధనశాలే, రామలింగస్వామి గారు పాథాలజిస్టుగా పనిచేసిన పోషకాహార పరిశోధనాలయంగా పెరిగింది. 1950ల చివర అది హైదరాబాదుకు తరలి వచ్చింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. ఒకే కప్పు కింద ఒక తరం మెడవాపు ప్రశ్నను లేవనెత్తి, మరో తరం జవాబు వెతకడం నాకు ఎప్పుడూ విచిత్రంగా తోస్తుంది.

జవాబు అప్పటికే సగం దొరికి ఉంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఆక్రాన్ పట్టణపు బడుల్లో డేవిడ్ మెరీన్, కింబల్ అనే ఇద్దరు 1917 నుంచి బాలికలకు ఏడాదికి రెండుసార్లు అయోడిన్ లవణం ఇచ్చి చూశారు. తీసుకున్న రెండు వేల పైచిలుకు బాలికల్లో గాయిటర్ వచ్చింది ఐదుగురికి. తీసుకోని రెండు వేల పైచిలుకు మందిలో దాదాపు ఐదు వందల మందికి వచ్చింది. 1922లో స్విట్జర్లాండ్‌లోనూ, 1924లో అమెరికాలోని మిషిగన్‌లోనూ అయోడిన్ కలిపిన ఉప్పు అమ్మకానికి వచ్చింది. మరి మన దేశంలో ముప్పై ఏళ్ళ తరవాత మళ్ళీ పరీక్ష ఎందుకు?

సందేహాలు ఉన్నాయి, అన్నీ కొట్టిపారేయదగ్గవి కావు. హిమాలయ మెడవాపుకు అయోడిన్ లోపమే కారణమా, లేక నీటిలోనో తిండిలోనో ఇంకేదైనా అడ్డు పడుతోందా? స్విస్ ఉప్పు వేరు, మన ఉప్పు వేరు. మనది తేమ పీల్చే ముతక ఉప్పు, గోనె సంచుల్లో రైలెక్కి, గాడిదల మీద కొండలెక్కి, వానాకాలం దాటి వంటింటికి చేరేది. దారిలో అయోడిన్ ఆవిరైపోదా? చేరినా ఇంత పెద్ద జనాభాలో అది పనిచేస్తుందని ఎవరు చూపాలి? కారణం సంగతి రామలింగస్వామి గారి బృందం రేడియోధార్మిక అయోడిన్‌తో తేల్చింది. మెడవాపు ఉన్నవాళ్ళ థైరాయిడ్ అయోడిన్ కోసం ఎంత ఆకలిగా ఉందో, మూత్రంలో ఎంత తక్కువ పోతోందో కొలిచి, 1961లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించారు. రెండో ప్రశ్నకు జవాబు కాంగ్రా.

కాంగ్రా అప్పట్లో పంజాబులో ఉండేది, 1966 తరవాత హిమాచల్‌లో కలిసింది. మంచు కరిగి, వాన కురిసి, యుగాల తరబడి మట్టిలోని అయోడిన్ కొట్టుకుపోయిన నేల. 1956లో లోయలో లక్షకు పైబడిన జనాభాను తీసుకుని సర్వే మొదలుపెట్టారు. నూటికి సుమారు 38 మందికి మెడవాపు. అంటే ఆ లోయలో ఏ బడికి వెళ్ళినా తరగతిలో మూడో వంతుకు పైగా పిల్లలు ఉబ్బిన మెడలతో ఉండేవారన్నమాట. లోయను మూడు భాగాలు చేశారు. మొదటి భాగానికి పొటాషియం అయోడైడ్ కలిపిన ఉప్పు. మూడో భాగానికి పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పు. మధ్య భాగానికి మామూలు ఉప్పు. ఎవరికీ మాత్రలు లేవు, సూదులు లేవు. తినే తిండి మారలేదు, తాగే నీరు మారలేదు. దుకాణంలో అమ్మే ఉప్పు ఒక్కటే మారింది.

ఈ పనిలో ఆయనతో మొదటినుంచి ఉన్నది డాక్టర్ సూచ్. తరవాత డియో, కర్మార్కర్, కోచుపిళ్ళై, గణాంకవేత్త రామచంద్రన్ కలిశారు. చేసిన పని వినడానికి చాలా సాదాగా ఉంటుంది: పిల్లవాణ్ణి ఎదుట నిలబెట్టి, రెండు బొటనవేళ్ళతో మెడ తడిమి, వాపు ఉందా లేదా, ఉంటే ఏ స్థాయి అని రాసుకోవడం. ఆ సాదా పనిని వేలమంది మీద, ఏళ్ళ తేడాతో, ఒకే కొలమానంతో చేయడంలోనే కష్టం ఉంది. నేను బడుల్లో ఆరోగ్య శిబిరాలు నడిపినవాణ్ణి. ఉదయం తడిమిన మొదటి మెడకూ సాయంత్రం తడిమిన మూడు వందలో మెడకూ ఒకే న్యాయం చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు.

సుమారు ఆరేళ్ళకు మళ్ళీ లెక్క చూశారు. అయోడిన్ ఉప్పు తిన్న రెండు భాగాల్లో మెడవాపులు సగానికి పైగా తగ్గాయి. మామూలు ఉప్పు తిన్న మధ్య భాగంలో ఏమీ తగ్గలేదు. అప్పుడు దానికీ అయోడిన్ ఉప్పు ఇచ్చారు. తరవాతి సర్వేలో అక్కడా పడిపోయింది. మొదటి రెండు భాగాల్లో అయితే నూటికి పది లోపుకు దిగింది. 1972 దాకా సాగిన ఈ పరిశీలన ఫలితాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో 1965లో ఒకసారి, 1973లో ఒకసారి వచ్చాయి. అయోడైడ్, అయోడేట్ రెండూ పనిచేస్తాయని తేలింది. అయితే తేమకూ వేడికీ తట్టుకునేది అయోడేట్ కాబట్టి మన దేశానికి అది స్థిరపడింది. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న ఉప్పు ప్యాకెట్టు వెనక సన్నటి అక్షరాల్లో పొటాషియం అయోడేట్ అని ఉంటుంది, చూడండి.

మధ్య భాగం గురించి ఆగి ఆలోచించాలి. ఆ ఆరేళ్ళలో అక్కడా పిల్లలు పుట్టారు. లోయ ఈ చివర ఒక తల్లికి అయోడిన్ అందింది, ఆ మధ్య ఊళ్ళో తల్లికి అందలేదు. నేటి నియమాల ప్రకారం అలాంటి పరిశోధనకు నైతిక సంఘాలు సులువుగా అనుమతి ఇవ్వవు. నేను ఈ సంగతి సెమినార్లలో యువ వైద్యులకు చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, తెలిసి తెలిసి వదిలేశారా అని. నా అభిప్రాయం ఇది. అప్పటికి ఆ మూడు భాగాలకే కాదు, దేశం మొత్తానికీ మామూలు ఉప్పే. పోలిక లేకుండా, తగ్గింది ఉప్పు వల్లే అని ప్రభుత్వాన్ని ఒప్పించే దారి లేదు. రోడ్లు వచ్చాయి, తిండి మెరుగైంది, అందుకే తగ్గింది అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. తేలిన వెంటనే మధ్య భాగానికీ ఇచ్చారు. అయినా ఆ ఊళ్ళలో ఆ ఆరేళ్ళలో పుట్టినవాళ్ళను తలుచుకుంటే నాకు మనసు పూర్తిగా కుదుటపడదు. ఆ సాక్ష్యానికి వాళ్ళు చెల్లించిన ధర ఉంది. అందుకే, సాక్ష్యం చేతికి వచ్చాక జరిగిన ఆలస్యాన్ని నేను అసలు క్షమించలేను.

ఎందుకంటే కాంగ్రా ఫలితాల ఆధారంగా 1962లోనే జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. కాగితం మీద గొప్ప వేగం. కానీ ఆ తరవాత ఇరవై ఏళ్ళు అది ఈడుస్తూనే నడిచింది. అయోడిన్ ఉప్పు తయారీ ప్రభుత్వ రంగానికే పరిమితం, తయారయ్యేది అవసరంలో చిన్న వంతు. హిమాలయ జిల్లాలకే పంపాలన్నారు. పక్క జిల్లా నుంచి చవక ఉప్పు వచ్చి పడుతుంటే ఆపేవారు లేరు. వీటన్నిటికీ మించి, గాయిటర్ అన్న మాటే అడ్డు పడిందని నా నమ్మకం. మెడ మీద నొప్పి లేని గడ్డ. దానికోసం మంత్రులూ అధికారులూ నిద్ర మానుకుంటారా? కాంగ్రాలో లెక్కపెట్టింది మెడలనే, ఎందుకంటే మెడ వేలికి తగులుతుంది. తెలివి వేలికి తగలదు. 1983లో ఆస్ట్రేలియా వైద్యుడు బేసిల్ హెట్జెల్ ఈ మొత్తానికీ ‘అయోడిన్ లోప రుగ్మతలు’ అని కొత్త పేరు పెట్టాడు. గర్భస్రావం, మృతశిశువు, మూగతనం, మందబుద్ధి, ఎదుగుదల లోపం, అన్నీ ఆ పేరు కిందికి వచ్చాయి. మన కార్యక్రమం కూడా 1992లో తన పేరు మార్చుకుంది.

పేరు మార్చడానికి కావలసిన ఆధారం మన దేశం నుంచే వచ్చింది. ఎయిమ్స్‌లో కోచుపిళ్ళై, కర్మార్కర్, పాండవ్ తదితరులు ఉత్తరప్రదేశ్ తరాయి జిల్లాల్లో, గోండా, దేవరియా లాంటి చోట్ల, పుట్టిన బిడ్డ బొడ్డుతాడు రక్తం చుక్క తీసి అద్దుడు కాగితం మీద ఎండబెట్టి ఢిల్లీకి తెచ్చి థైరాక్సిన్ కొలిచారు. అయోడిన్ సరిపడా ఉన్న దేశాల్లో పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉండేది మూడు, నాలుగు వేల మందికి ఒకరికి. అక్కడ వెయ్యికి వంద దాటిన చోట్లు ఉన్నాయి. పదిమంది పిల్లలు పుడితే ఒకరి మెదడుకు మొదటి రోజు నుంచే కావలసిన హార్మోను లేదన్నమాట. ఈ అంకెలు చూశాక మెడ అందం గురించి మాట్లాడేవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. ఈ పని సాగిన కాలంలో ఐ.సి.ఎం.ఆర్. పగ్గాలు రామలింగస్వామి గారి చేతిలోనే ఉన్నాయి. గాయిటర్ హిమాలయాలకే పరిమితం కాదని, మైదానాల్లోనూ తీరప్రాంతాల్లోనూ ఉందని సర్వేలు చూపాక, దేశమంతటా తినే ఉప్పుకు అయోడిన్ కలపాలని నిర్ణయించారు. ప్రైవేటు తయారీదారులకు తలుపు తెరిచారు. 1986 నుంచి అంచెలంచెలుగా అమలైంది. తయారీ దగ్గర పది లక్షల వంతుల్లో 30 వంతులు, వంటింట్లో కనీసం 15 వంతులు అయోడిన్ ఉండాలన్నది ప్రమాణం.

చట్టం కథ మళ్ళీ మెలికలు తిరిగింది. అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మడంపై 1998లో కేంద్రం దేశవ్యాప్త నిషేధం అమల్లోకి తెచ్చి, 2000లో ఎత్తేసి, 2005లో మళ్ళీ విధించింది. ఎత్తేయాలన్న వాదనలో ఉప్పు సత్యాగ్రహం దాకా ప్రస్తావన వచ్చింది. చిన్న ఉప్పు రైతు నష్టపోతాడన్న మాటలో నిజం లేకపోలేదు. మనకు నౌపడ ఉప్పు మడులు పరాయివి కావు. మన బడిలో ఉప్పు కొఠార్ల దగ్గర కూలికి వెళ్ళే ఇళ్ళ పిల్లలు మనతో పాటు బెంచీ మీద కూర్చున్నారు. కానీ ఆ రైతుకు అయోడిన్ కలిపే యంత్రం అందించడం ఒక దారి, కొండ ఊళ్ళ పిల్లలను అయోడిన్‌కు దూరం చేయడం ఇంకో దారి. మొదటిది ఖర్చుతో కూడినది, అంతే.

ఉప్పు మాట వచ్చింది కాబట్టి మనవాళ్ళ అపోహలు రెండు. సముద్రంలో అయోడిన్ ఉంటుంది కాబట్టి సముద్రపు ఉప్పులో ఉంటుందని చాలామంది నమ్ముతారు, చదువుకున్నవాళ్ళు కూడా. సముద్రంలో చేపలోనూ నాచులోనూ ఉంటుంది. మడిలో ఎండిన కల్లుప్పులో మిగిలేది లెక్కలోకి రానంత. బండి మీద కుంచంతో కొలిచి అమ్మిన ఉప్పు తిని మనం బాగానే పెరిగాం కదా అంటారు. తీరాన చేపలు తిన్నాం, మన నేలలో కొంత ఉంది, సరిపోయింది. పైన మన్యంలో పరిస్థితి అది కాదు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో మెడవాపులు నేను కళ్ళారా చూసినవి. ఇక రెండోది, ఈమధ్య మన వాట్సాప్ గ్రూపులోనే తిరుగుతున్న గులాబీ రంగు హిమాలయ ఉప్పు, సైంధవ లవణం. ఆరోగ్యానికి మంచిదని ఐదింతల ధర పెట్టి కొంటున్నారు. అయోడిన్ కలపని ఉప్పు ఏ కొండదైనా మెదడుకు ఒకటే. అయోడిన్ లేక పిల్లలు మూగవాళ్ళయిన కొండల పేరునే మంచి ఉప్పుకు గుర్తుగా వాడటం చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు. అన్నంలోకి పెరుగు మీద చల్లుకోవడానికి మీ ఇష్టం. కడుపుతో ఉన్న కోడలికో కూతురికో వంట చేసే ఇంట్లో మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. ఆవకాయ జాడీలో కల్లుప్పు గురించి నాకేమీ అభ్యంతరం లేదు, రోజూ కూరలో పడేది అయోడిన్ ఉప్పయితే చాలు. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు తగ్గించాలన్న మాటకూ దీనికీ తగువు లేదు. తగ్గించిన ఆ ఉప్పు అయోడిన్‌ది కావాలి.

రామలింగస్వామి గారు రిటైరయ్యాక పిల్లల ఎదుగుదల మీద ఇంకో ప్రశ్న వేశారు. అది నాకు కాంగ్రా కంటే ఎక్కువ గుచ్చుకుంది. 1996లో యూనిసెఫ్ వార్షిక నివేదికలో అర్బన్ జాన్సన్, జాన్ రోడీలతో కలిసి ‘ఆసియా చిక్కుముడి’ అన్న అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం రాశారు. దక్షిణాసియా పిల్లల్లో పోషకాహార లోపం సహారా దిగువ ఆఫ్రికా కంటే దాదాపు రెండింతలు ఎందుకుంది? ఆదాయం, పంట, వైద్యులు, దేన్ని తీసుకున్నా మనం వాళ్ళ కంటే అధ్వాన్నంగా లేమే? శాకాహారమా, పేదరికమా, ప్రభుత్వాల అలసత్వమా అని ఒక్కొక్కటే తూచి, ఏదీ మొత్తం చిక్కును విప్పదని తీసి పక్కన పెట్టారు. చివరికి వాళ్ళ వేలు ఆగింది పుట్టిన బరువు దగ్గర. ఇక్కడ ముగ్గురు పిల్లల్లో ఒకరు తక్కువ బరువుతో పుడుతుంటే, అక్కడ ఆరుగురిలో ఒకరు. గర్భంలో ఆఫ్రికా తల్లి సుమారు పది కిలోల బరువు పెరుగుతుంటే, మన తల్లి ఐదు కిలోలు దాటడమే గగనం. ఎందుకు? ఆ ఇంట్లో ఆమె స్థానం వల్ల అని రాశారు. చివర తినే మనిషి, మిగిలింది తినే మనిషి, చిన్న వయసులో పెళ్ళయిన మనిషి కడుపులో బిడ్డ ఎలా పెరుగుతుంది?

ఈ వాదనను తరవాత ఎంతోమంది పరీక్షించారు, కొందరు వ్యతిరేకించారు. బహిరంగ మలవిసర్జన పాత్ర ఇంకా పెద్దదని కొందరు ఆర్థికవేత్తలు చూపారు. పరిశుభ్రత సంగతి ఆ వ్యాసంలోనూ ఉంది. కాంగ్రాలో తేలినంత స్పష్టంగా ఇక్కడ ఏదీ తేలదు, ఎందుకంటే ఇంట్లో స్త్రీ స్థానాన్ని ఉప్పులో కలిపి పంచలేం. బహుశా అందుకే ఆయన ఆ ప్రశ్న పరిశోధన పత్రంలో కాకుండా అందరూ చదివే నివేదికలో పెట్టారేమో.

ఉప్పు పని చాలావరకు అయింది. ఇప్పుడు దేశంలో నూటికి తొంభైకి పైగా ఇళ్ళలో అయోడిన్ ఉప్పు వాడుతున్నారు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ ఇనుము, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పును కూడా రూపొందించింది. కొత్తగా మెడవాపుతో వచ్చే బడిపిల్లలు నా ఆఖరి సర్వీసు ఏళ్ళలో బాగా తగ్గిపోయారు. మిగిలింది ఇంకొకటుంది. అయోడిన్ ఎంత తిన్నా, కొందరు పిల్లలకు పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి ఉండదు, లేదా సరిగా ఏర్పడదు. మన దేశంలో సుమారు వెయ్యి మందికి ఒకరు ఇలా పుడుతున్నారని ఐ.సి.ఎం.ఆర్. వివిధ నగరాల్లో చేయించిన పరీక్షలు చూపాయి. హైదరాబాదు ఆ నగరాల్లో ఒకటి. పుట్టినప్పుడు చూసి ఎవరూ పోల్చలేరు. మెల్లగా పసిరికలు తగ్గకపోవడం, మలబద్ధకం, బొంగురు ఏడుపు, నాలుక బయటికి రావడం, బొడ్డు ఉబ్బడం కనిపిస్తాయి. ఆ పాటికి మెదడుకు నష్టం మొదలైపోతుంది. నాలుగేళ్ళ పాపను ఒక నాయనమ్మ నా దగ్గరికి తెచ్చింది. నడక రాలేదని కాదు, తోటి పిల్లల గౌన్లు ఈ పిల్లకు పొడవైపోతున్నాయని. మందు మొదలుపెట్టిన ఏడాదికి పాప చకచకా ఎత్తు పెరిగింది. గౌన్లు చాలక కొత్తవి కుట్టించారు. మాట మాత్రం వయసుకు తగ్గట్టు రాలేదు. ఎత్తు తిరిగి వస్తుంది, పోయిన మొదటి రెండేళ్ళ మెదడు తిరిగి రాదు. పుట్టిన ఊళ్ళో ఆ పరీక్ష లేదు.

ఆ పరీక్ష చాలా చిన్నది. పుట్టిన మూడో రోజు నుంచి ఐదో రోజు లోపు మడమ మీద సూదితో గుచ్చి, రెండు మూడు చుక్కల రక్తం అద్దుడు కాగితం మీద తీసుకుంటారు, లేదా పుట్టగానే బొడ్డుతాడు రక్తం తీస్తారు. టి.ఎస్.హెచ్. ఎక్కువగా ఉంటే మళ్ళీ నిర్ధారించి, రెండు వారాల లోపు థైరాక్సిన్ మాత్ర మొదలుపెడతారు. మాత్రను పొడి చేసి, కొంచెం తల్లిపాలలోనో నీళ్ళలోనో కలిపి, రోజూ ఒకే వేళకు చెంచాతో పట్టాలి. పాలసీసాలో కలపకూడదు, బిడ్డ మొత్తం తాగకపోతే మందు పోతుంది. ఐరన్, కాల్షియం చుక్కలు అదే వేళకు ఇవ్వకూడదు. మాత్ర ఖరీదు చాలా తక్కువ. వేళకు మొదలుపెట్టిన పిల్లలు మన పిల్లలందరిలాగే బడికి వెళ్తారు, ర్యాంకులు కూడా తెచ్చుకుంటారు. మన బ్యాచుల్లో చాలామందిమి ఇప్పుడు తాతలం, అమ్మమ్మలం, నాయనమ్మలం. మనవడో మనవరాలో పుట్టినప్పుడు మిఠాయిల సంగతి తరవాత చూద్దురుగాని, థైరాయిడ్ పరీక్షకు రక్తం తీశారా అని డిశ్చార్జికి ముందు అడగండి. తీయలేదంటే, ఐదో రోజు దాటినా సరే, తీయించండి.